చుట్టాల్ని చూసుకోవడం

రిటైరైన మర్నాడే మేనేజరు ఇంట్లో టవళ్ళు మడతపెట్టడం మొదలుపెట్టాడు. ముప్పై అయిదేళ్ళు గెస్ట్‌హౌస్ నడిపిన చేతులు, ఊరుకోమంటే ఊరుకుంటాయా. మంచం మీద దుప్పటి ముడత లేకుండా లాగేవాడు. దిండు మీద దిండు పెట్టి పైదాన్ని కాస్త పక్కకి వాల్చేవాడు. వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, "టీ ఎన్నింటికి తెమ్మంటావు?" అని పెళ్ళాన్ని అడిగేవాడు. మొదటి వారం ఆవిడ మురిసిపోయింది. రెండో వారం ఓర్చుకుంది. మూడో వారం స్నానానికి వెళ్ళేసరికి బాత్‌రూమ్‌లో కొత్త సబ్బు, దాని పక్కన గోడకి అంటించిన కాగితం మీద "వేడినీళ్ళు ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు" అన్న ముత్యాల్లాంటి అక్షరాలు కనిపించాయి.

"ఏమండీ," అందావిడ బయటికొచ్చి, "నేనీ ఇంట్లో ఎన్నాళ్ళుండొచ్చో కూడా రాసి అంటించండి. ఖాళీ చేసేటప్పుడు తాళంచెవి మీకే ఇచ్చి వెళ్తాను."

అలాగని మేనేజరు చెడ్డవాడేం కాదు. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ మేనేజరు గారే. పని మీద వచ్చిన ఆఫీసరు కారు దిగకముందే ఆయనకి ఏ గది ఇష్టమో, టీలో చక్కెర ఎంతో, కిటికీ తెరిచి ఉంచాలో మూసి ఉంచాలో ఈయనకి కంఠతా వచ్చు. పదేళ్ళ తర్వాత రెండోసారి వచ్చిన ఒక ఇంజనీరుకి, "మీకు ఫ్యాను చప్పుడు పడదు కదండీ" అంటూ వెనక గది తాళం ఇస్తే, ఆ ఇంజనీరు నోరు తెరిచాడట. ఈ ముచ్చట ఇంట్లో తక్కువలో తక్కువ వందసార్లు చెప్పి ఉంటాడు. మరి మీ ఆవిడకి ఏ చప్పుడు పడదండీ అని ఎవరైనా అడిగి ఉంటే మాత్రం కాసేపు ఆలోచించుకోవాల్సి వచ్చేది.

మూడేళ్ళ కిందట ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. నెలన్నర ఆస్పత్రిలో ఉండి, సగమై ఇంటికొచ్చింది. మందులు ఎంత ముఖ్యమో నడక అంత ముఖ్యమనీ, చదును నేల మీద కాదు, మెల్లగా ఎత్తు ఎక్కాలనీ డాక్టరు చెప్పాడు. అప్పుడు గెస్ట్‌హౌస్‌లో ఊపిరి సలపని పని. మేనేజరు తెల్లవారకముందే వెళ్ళేవాడు, అన్నాల వేళ దాటాక వచ్చేవాడు. రాగానే, "మందులేసుకున్నావా? నడిచావా?" అని అడిగేవాడు. అడిగితే చూసుకున్నట్టేనని చాలామంది మగవాళ్ళకి ఒక గట్టి నమ్మకం. ఆవిడ "ఊఁ" అనేది. అలా రెండేళ్ళు ఊఁ కొట్టి, ఎవరి సాయమూ లేకుండానే మనిషి మళ్ళీ మనిషయింది. ఎవరి సాయమూ లేకుండానే అని మేనేజరు అనుకున్నాడు.

వేడినీళ్ళ కాగితం చింపేసిన రోజునే ఆవిడ ఆయన్ని వెంటబెట్టుకుని ఊరి చివర గుట్టకి తీసుకెళ్ళింది.

ఆ గుట్ట ఎవరి సొంతమూ కాదు, ప్రభుత్వ భూమి. ఒక మాదిరి అడవి, కింద సన్నని వాగు, పైదాకా కాలిబాట. అటవీ శాఖకి ఉన్న మనుషులు గేటు కాపలాకే చాలరు. అందుకని బాట ఊడవడం, వానకి కోసుకుపోయిన చోట మట్టి పోయడం, కొత్త మొక్కలు పెట్టడం ఇదంతా ఊళ్ళోవాళ్ళే పాతికమంది దాకా కలిసి, వారానికొక పూట చేస్తుంటారు. సంఘమనీ సమితి అనీ ఒక పేరంటూ పెట్టుకోలేదు. ఆదివారం వస్తారు కాబట్టి ఆదివారం వాళ్ళు.

బాట పక్కన వంద అడుగులకొక చెక్క బెంచీ ఉంది. మొదటి బెంచీ దగ్గర ఆవిడ ఆగి, దాని వీపు మీద చెయ్యేసింది.

"ఇక్కడిదాకా రావడానికి నాకు నెల పట్టిందండీ. రెండోదాని దగ్గరికి మూడు నెలలు. ఇంకొక్క బెంచీ, ఇంకొక్క బెంచీ అనుకుంటూ ఎక్కాను. ఇవి లేకపోతే నేను సగంలోనే తిరిగి ఇంటికి పోయి మంచం పట్టేదాన్ని. ఎవరు వేయించారో ఏమో, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి."

మేనేజరు బెంచీని తడిమి చూశాడు. అంచులు బట్టలకి పట్టుకోకుండా నున్నగా చిత్రిక పట్టి ఉన్నాయి. మేకుల తలలు పైకి లేవకుండా లోపలికి దిగగొట్టారు. ఇది పని తెలిసినవాడి పని, పైగా మనిషి మీద ప్రేమ ఉన్నవాడి పని అని ఆయనకి అర్థమైంది. ఇంటిమనిషికి తను చెయ్యాల్సింది ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు చేసిపెట్టారు. ఎవరికి చెప్పుకోవాలి, ఎలా తీర్చుకోవాలి. ఆ ఆదివారం పొద్దున్నే ఆరింటికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

ఆదివారం వాళ్ళకి పెద్ద దిక్కు ఒక రిటైరైన నర్సు. అందరూ నర్సమ్మ అంటారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం వార్డు ఈ చివర్నుంచి ఆ చివరికి వినిపించేది. ఆవిడ మేనేజర్ని ఎగాదిగా చూసి, చేతిలో చిన్న పార, ముళ్ళు గుచ్చుకోని చేతి తొడుగులు పెట్టి, గుట్ట మలుపు వెనక ఉన్న వాలు చూపించింది.

"అక్కణ్ణుంచి ఆ పెద్ద బండ దాకా మీ వంతు మేనేజరు గారూ. అటువైపు చుట్టాలు మరీ ఎక్కువైపోయారు. కాస్త చూసుకోండి. మొహమాటం పెట్టుకోకండి."

మేనేజరు మొహం వెలిగిపోయింది. "చుట్టాల్ని చూసుకోవడం నాకు కొత్తా అమ్మా. అది నాకు వదిలేయండి."

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే కథ నడవదు. ఆ గుట్ట మీద ఒక రకం ముళ్ళపొద పెరుగుతుంది. గుత్తులు గుత్తులుగా పువ్వులు, ఆకు నలిపితే ఘాటు వాసన. ఎప్పుడో ఎవరో అందంగా ఉందని ఎక్కడినుంచో తెచ్చి తోటలో పెట్టుకుంటే, అది గోడ దాటి, వాగు దాటి, గుట్టంతా కమ్మేసి, అక్కడ పుట్టి పెరిగిన చెట్టు ఒక్కటీ మొలవకుండా చేసింది. నాలుగు రోజులుంటానని వచ్చి ఇల్లు ఆక్రమించుకుంది కాబట్టి ఆదివారం వాళ్ళు దాన్ని చుట్టం అంటారు. అక్కడి సొంత మొక్కల్ని ఇంటివాళ్ళు అంటారు. చుట్టాల్ని చూసుకోవడమంటే వేళ్ళతో సహా పెకలించి పారెయ్యడం. పన్నెండేళ్ళుగా ఈ మాటలే వాడి వాడి, కొత్తవాళ్ళకి ఇవి అర్థం కావన్న సంగతే వాళ్ళు మర్చిపోయారు.

నర్సమ్మ ఆ మాట చెప్పి, ఆ సాయంత్రమే పురిటికి ఉన్న కూతురి దగ్గరికని నెలన్నర వెళ్ళిపోయింది.

మేనేజరు మలుపు తిరిగి వాలు మీదికెళ్ళి చూశాడు. ఒకవైపు పువ్వులతో ముస్తాబై నిలబడ్డ పొదలు. వాటి మధ్య అక్కడక్కడా నాలుగాకులతో పుల్లల్లాంటి మొక్కలు. వీళ్ళలో చుట్టాలెవరో చెప్పడానికి ముప్పై అయిదేళ్ళ అనుభవం అక్కర్లేదని ఆయనకి అనిపించింది. పని మొదలుపెట్టాడు. ప్రతి పొదకీ గుండ్రంగా పాదు తీశాడు. వాగులోంచి రెండు బకెట్లతో నీళ్ళు మోశాడు. వాలిపోతున్న కొమ్మలకి కర్రలు పాతి, ఒరుసుకోకుండా పాత పంచె పీలికలతో కట్టాడు. ఎండకి తేమ ఆరిపోకుండా పాదుల్లో ఎండుటాకులు పరిచాడు. ఇక ఆ పుల్లలు. గెస్ట్‌హౌస్‌లో పెద్ద బృందం దిగితే పనివాళ్ళ గదులు ఖాళీ చేయించి ఇవ్వడం ఆయనకి అలవాటే. చుట్టాలకి ఇరుకవుతుందని ఆ పుల్లల్ని ఒక్కొక్కటే తీసేసి గట్టు మీద పడేశాడు. బండ వెనక ఇంకో రెండు మూడు కనిపించాయి కానీ, అక్కడ వంగాలంటే మోకాలు ఒప్పుకోలేదు.

ఆదివారాలతో ఆగలేదు. వారంలో నాలుగు రోజులు వెళ్ళేవాడు. ఇంట్లో టవళ్ళు వాటి మానాన అవి ఉన్నాయి. భార్య సంతోషంగా ఊపిరి పీల్చుకుంది.

లెక్కల టీచరొకాయనది పక్క వంతు. ఒకరోజు గేటు దగ్గర చెమట తుడుచుకుంటూ, "ఈ వారం నా వైపు నలభై మంది చుట్టాలు పోయారండీ" అన్నాడు.

మేనేజరు జాలిగా చూశాడు. పాపం, చదువుకున్నవాడే గానీ చూసుకోవడం తెలియదు. "నా వైపు ఒక్కరు కూడా పోలేదండీ" అన్నాడు వీలైనంత వినయంగా.

టీచరు భుజం తట్టాడు. "మొదట్లో అలాగే ఉంటుందిలెండి. బెంగపెట్టుకోకండి, మెల్లగా అలవాటవుతుంది."

ఎవరి జాలి వాళ్ళు పడి, ఇద్దరూ ఇళ్ళకి వెళ్ళారు.

నెలన్నరకి నర్సమ్మ తిరిగొచ్చింది. వచ్చిన ఆదివారమే నడుం మీద చేతులేసుకుని, "ఏం మేనేజరు గారూ, చుట్టాలెలా ఉన్నారు?" అంది.

"దివ్యంగా ఉన్నారమ్మా. ఒకసారి చూసిపోదురుగాని రండి."

నర్సమ్మ మలుపు తిరిగింది. పొదలు ఆవిడ భుజాల ఎత్తున, నిగనిగలాడుతూ, గుత్తులు విరగబూసి ఉన్నాయి. గుండ్రని పాదులు, కర్రలు, పీలికల ముడులు. ఆవిడ పక్కనున్న రాయి మీద కూలబడి, చీర చెంగు నోట్లో కుక్కుకుని కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వుతూనే చుట్టాలంటే ఏమిటో చెప్పింది. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. తనకే నవ్వొచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది.

"మరి ఇంటివాళ్ళేరి?" అంది నర్సమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "చిన్న మొక్కలుండాలి. పద్నాలుగు."

"ఆ పుల్లలా? చుట్టాలకి అడ్డంగా ఉన్నాయని..." అంటూ మేనేజరు గట్టు వైపు చూశాడు. నర్సమ్మ కూడా అటే చూసింది. ఎండిపోయి కట్టెపుల్లలైన పదకొండు మొక్కలు అక్కడ కుప్పగా పడున్నాయి. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"అవి పోస్ట్‌మాన్‌వండీ," అంది మెల్లగా. "తన బీట్‌లో ఏ వీధిలో ఏ చెట్టు కాయ రాలినా ఏరి జేబులో వేసుకొస్తాడు. మూడేళ్ళు డబ్బాల్లో పెంచి, కిందటి వానల్లో ఇక్కడ పెట్టాడు. తోటి పోస్ట్‌మాన్ ఒకాయన సెలవులో ఉన్నాడట, రెండు బీట్లూ తనే తిరగాల్సొచ్చి, మిగిలిన పనంతా ఆదివారాలకి పడి ఈమధ్య రాలేకపోయాడు. గుర్తులు పెట్టవయ్యా అంటే, నంబర్లు లేని ఇళ్ళకే ఉత్తరాలు ఇస్తున్నాను, నా మొక్కలు నాకు తెలియవా అంటాడు."

మేనేజరు గట్టు దగ్గరికి వెళ్ళి ఒక పుల్ల చేతిలోకి తీసుకున్నాడు. "నేను వచ్చింది ఆ బెంచీల ఋణం తీర్చుకుందామనమ్మా. మా ఆవిడ వాటి వల్లే కోలుకుంది," అన్నాడు.

నర్సమ్మ ఆయన వైపు అదోలా చూసింది. చెప్పాలా వద్దా అని తటపటాయించినట్టుంది. ఆవిడకి దాచడం చేతకాదు. "బెంచీలు కూడా ఆయన చలవేనండీ. ఎవరో ఒకావిడ ఆయాసపడుతూ బాట మీద నేలనే కూర్చుండిపోయిందట. చూసొచ్చి, ఇక్కడ కూర్చునే చోటు లేకపోతే ఎలా అని మా ప్రాణం తీసి వేయించాడు. సగం మేకులు తనే కొట్టాడు."

మేనేజరు ఇంటికెలా వచ్చాడో ఆయనకే తెలియదు. తల కొట్టేసినట్టయింది. చెయ్యెత్తి మొక్కాల్సిన మనిషి మొక్కల్ని చేజేతులా పీకి పారేశాడు. అదీ ముళ్ళకంపకి చోటు కోసం.

భార్యకి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ చుట్టాల దగ్గర నవ్వింది, పంచె పీలికల దగ్గర ఇంకా నవ్వింది, నవ్వి నవ్వి ఆయాసమొచ్చి కుర్చీలో కూర్చుంది. పోస్ట్‌మాన్ మాట వచ్చేసరికి ఊరుకుంది.

"ముప్పై అయిదేళ్ళు మీరు చేసిందీ అదేగా," అంది ఊపిరి కూడదీసుకుని. "చుట్టాల పాదుల్లో నీళ్ళు పోశారు."

మేనేజరు తలెత్తలేదు.

"సరదాకి అన్నానులెండి," అందావిడ.

"సరదాకి అన్నా నిజమే కదా," అన్నాడాయన. ఆవిడ కాదనలేదు.

తర్వాతి ఆదివారం ఆయన గుట్టకి వెళ్ళలేదు. వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంటి దగ్గరే ఉంది. ఆ పోస్ట్‌మాన్ వాళ్ళ వీధికి కూడా పోస్ట్‌మానే. పన్నెండేళ్ళుగా రోజూ పదకొండింటికి సైకిల్ బెల్లు కొడుతూ వస్తాడు. భార్య ఆయన్ని తమ్ముడూ అంటుంది, ఆయన అక్కయ్యగారూ అంటాడు, ఎండాకాలం మంచినీళ్ళు తాగి వెళ్తాడు. రిటైరయ్యేదాకా మేనేజరు ఆ వేళకి ఏనాడూ ఇంట్లో ఉన్నవాడు కాదు. ఇప్పుడు ఉన్నాడు. బెల్లు వినిపించగానే పెరట్లోకి వెళ్ళి, ఆరిన బట్టల్ని మళ్ళీ దులిపి ఆరేసేవాడు. నాలుగు రోజులు అలా గడిచాయి.

అయిదో రోజు రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. దాని మీద ఆయన సంతకమే కావాలి.

"పెరట్లో దాక్కున్నారు, పిలుస్తానుండు తమ్ముడూ," అన్న భార్య గొంతు వినిపించింది. ఆ ఇంట్లో పరువు దాచేవాళ్ళు ఎవరూ లేరు.

మేనేజరు వచ్చాడు. పోస్ట్‌మాన్ ఖాకీ సంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. సన్నటి మనిషి, ఎండకి నల్లబడ్డ మొహం, మాట తక్కువ. మేనేజరు సంతకం పెట్టాడు. పెన్ను తిరిగిచ్చాక చేతులు ఏం చెయ్యాలో తెలియలేదు. చేతకాని చోట మనిషి తన వృత్తిలోకే పారిపోతాడు. "టీ పెడతాను," అన్నాడు. "చక్కెర ఎంత వెయ్యమంటారు?"

"అక్కయ్యగారికి తెలుసు సార్," అన్నాడు పోస్ట్‌మాన్.

"రెండు చెంచాలు, డికాక్షన్ చిక్కగా," అంది భార్య లోపల్నుంచి.

మేనేజరు జడ్జీలకి, కలెక్టర్లకి ఇచ్చినట్టే రెండు చేతులతో టీ కప్పు అందించాడు. నిలబడే చెప్పాడు. "మీ మొక్కలు పీకింది నేనేనండీ. తెలియక చేశానంటే సరిపోదు. అడగకుండా చేశాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది."

పోస్ట్‌మాన్ టీ ఊదుకుంటూ రెండు గుక్కలు తాగాడు. "విత్తనాలు మళ్ళీ దొరుకుతాయి సార్. మూడేళ్ళే దొరకవు," అన్నాడు.

ఆ మాట మేనేజరు గుండెల్లో దిగింది. తిట్టినా బాగుండేది అనిపించింది.

"బండ వెనక మూడు బతికే ఉన్నాయి," అన్నాడు పోస్ట్‌మాన్. "నిన్న వెళ్ళి చూశాను. నాకింకో నెల రెండు బీట్లు తప్పవు. నీళ్ళు పోసే మనిషి కావాలి."

"నన్ను... నన్ను నమ్మి అప్పజెబుతారా?"

"మీరు తీసిన పాదులు చూశాను సార్. ఆ గుడ్డ పీలికల ముడులు చూశాను. పన్నెండేళ్ళలో ఆ గుట్ట మీద అంత శ్రద్ధగా మేమెవరం ఏదీ చెయ్యలేదు. ఆ శ్రద్ధ ఇకనుంచి ఇంటివాళ్ళ మీద పెట్టండి, అంతే."

పోస్ట్‌మాన్ మొక్కల గురించే అన్నాడు. ఖాళీ కప్పు పక్కన పెట్టి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. భార్య కప్పు తీసుకుని వంటింట్లోకి నడిచింది. కడగడానికి ఒక్క కప్పు ఉంటే, ఆవిడ చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

ఆ ఆదివారం మేనేజరు, "నువ్వూ రాకూడదూ," అన్నాడు. ఆవిడ చెప్పులు వేసుకుంది.

గుట్ట మలుపు దగ్గర పాతికమందీ మేనేజరు వంతులోనే ఉన్నారు. నర్సమ్మ అందరినీ అక్కడికే తోలుకొచ్చింది. మందలిస్తారేమోనని ఆయన బిక్కచచ్చి నిలబడితే, ఎవరికీ అంత తీరిక లేదు. ఒకరు పొద మొదలు పట్టుకుని లాగారు. మామూలుగా అయితే నలుగురు గంటసేపు తవ్వినా వేరు తెగిపోయి సగం నేలలోనే ఉండిపోయే మొండి పొద. నెలన్నర నీళ్ళు తాగి, ఎండుటాకుల కింద మెత్తబడ్డ మట్టిలోంచి తల్లివేరుతో సహా ఊడి చేతికొచ్చింది. ఇంకొకటి లాగారు, అదీ అంతే.

"నా సర్వీసులో ఇంత మర్యాదగా బయటికి నడిచిన చుట్టాల్ని చూళ్ళేదు," అన్నాడు లెక్కల టీచరు. పొద్దెక్కకముందే వాలు ఖాళీ అయిపోయింది. అప్పుడొక్కొక్కరూ జేబుల్లోంచి, చేతి సంచుల్లోంచి పొట్లాలు తీశారు. వారమంతా ఊళ్ళో ఎవరికి దొరికిన కాయలు వాళ్ళు ఏరుకొచ్చారు. టీచరు తన క్లాసు పిల్లల చేత ఏరించాడు. నర్సమ్మ బాలింతరాలైన కూతురి వీధిలో కూడా వదల్లేదు. విత్తనాలన్నీ ఒక గుడ్డలో మూటకట్టి పోస్ట్‌మాన్ చేతిలో పెడితే, ఆయన దాన్ని తీసుకొచ్చి మేనేజరు చేతిలో పెట్టాడు. మేనేజరు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయనకి అందరి మొహాలూ మసకగా కనిపించాయి.

భార్య ఇంకా పైకి రాలేదు. రెండో బెంచీ దగ్గర కూర్చుంటాను, మీరు వెళ్ళి పని చూసుకోండని దారిలోనే ఆగిపోయింది. మేనేజరు బకెట్ తీసుకుని బండ వెనక్కి వెళ్ళాడు. ఈసారి మోకాలు ఏమంటుందో అడగలేదు. కూర్చుని మూడు మొక్కలకీ పాదులు తీశాడు. పోస్ట్‌మాన్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మొదటి రోజు నేను వచ్చింది ఒక్క మాట చెప్పుకుందామనే," అన్నాడు మేనేజరు, మట్టి వైపు చూస్తూ. "ఎవరికి చెప్పాలో అప్పుడు తెలియలేదు. తెలిసేసరికి చెప్పే అర్హత పోయింది. అయినా చెప్తాను. మా ఆవిడ ఇవాళ ఇలా తిరుగుతోందంటే మీ వల్ల. నేను చూసుకోవాల్సిన మనిషిని మీరు చూసుకున్నారు. బతికినన్నాళ్ళూ మర్చిపోను."

పోస్ట్‌మాన్ ఎండుటాకులు దగ్గరికి లాగి పాదులో సర్దాడు. "ఆ రోజు అక్కయ్యగారు నేల మీద కూర్చునుంటే, సార్ రాలేదా అనడిగాను. గెస్ట్‌హౌస్‌లో పెద్దవాళ్ళు దిగారు తమ్ముడూ, ఆయనకి కుదరదు అంది. మీరెవరో నాకు సరిగ్గా తెలియదు, కానీ అప్పుడు మీ మీద చాలా కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే, మొక్కల విషయంలో అందులో సగం కూడా రాలేదు."

మేనేజరు చెయ్యి పాదులోనే ఆగిపోయింది. "ఆ కోపం ఇంకా ఉందా?"

"పొద్దున గేటు దగ్గరికి వచ్చేదాకా ఉంది. మీరిద్దరూ ఎక్కుతుంటే వెనకే వచ్చాను. అక్కయ్య ఆగినప్పుడల్లా మీరూ ఆగారు." పోస్ట్‌మాన్ లేచి బకెట్ అందుకున్నాడు. "నీళ్ళు నేను పోస్తాను. మీరు వెళ్ళండి బావగారూ, ఆవిడ అక్కడ ఒక్కతే ఉంది."

పన్నెండేళ్ళుగా ఆ ఇంటికి వస్తూ ఆవిడని అక్కయ్యగారూ అంటున్నా, ఈయన్ని మాత్రం బావగారూ అని పిలవడం ఇదే మొదటిసారి. మేనేజరు చేతుల మట్టి దులుపుకుంటూ, "బావగారంటే చుట్టమే కదయ్యా. రేపు నన్నూ పీకేస్తారేమో," అన్నాడు.

"చూద్దాం లెండి," అన్నాడు పోస్ట్‌మాన్, మొదటిసారిగా నవ్వుతూ.

మేనేజరు బాట దిగి వెళ్ళాడు. పైకి వద్దామని నాలుగడుగులు ఎక్కి ఆయాసమొచ్చి తిరిగొచ్చినట్టుంది, ఆవిడ అప్పుడే రెండో బెంచీ మీద వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఉంది. గుండె ఎగసిపడుతోంది. ఆయన అడుగుల చప్పుడు విని కళ్ళు తెరిచి, పక్కన పెట్టుకున్న నీళ్ళ సీసా ఒళ్ళోకి తీసుకుని చోటిచ్చింది. ఆయన కూర్చున్నాడు. మందులేసుకున్నావా అని అడగలేదు, ఎలా ఉందని అడగలేదు. ఆవిడ ఊపిరి వింటూ కూర్చున్నాడు. అది మొదట పొట్టిగా, తడబడుతూ వచ్చింది. తర్వాత కాస్త సాగింది, మళ్ళీ తడబడింది, మెల్లగా కుదుటపడింది. వెళ్దామా అన్నట్టు ఆవిడ ఆయన మోకాలి మీద చెయ్యేసి లేచింది.

మేనేజరు వాచీ చూసుకున్నాడు. గుట్ట ఎక్కాక ఆమెకి ఊపిరి సర్దుకోవడానికి తొమ్మిది నిమిషాలు పడుతుందని ఆయనకి ఆ రోజే తెలిసింది.